సెకండ్ షో: ఏ వరస అని చెప్పాలి?

సినిమాకు రెండో భాగం అంటే ఇప్పటి పిల్లలకు బాహుబలి, పుష్ప. మొదటి భాగంలో ఎత్తిన కత్తి రెండో భాగంలో దిగుతుంది, లెక్క సరిపోతుంది, ఈలలు వేసి ఇంటికి వస్తారు. ప్రేమ కథకు మాత్రం మనవాళ్లు రెండో భాగం జోలికి పెద్దగా పోరు. పెళ్లయితే శుభం కార్డు పడుతుంది. కాకపోతే ఒకరో ఇద్దరో పోతారు. పెళ్లీ జరగక, ప్రాణమూ పోక, చెరొక ఇంట్లో చెరొక సంసారం చేసుకుంటూ నలభై ఏళ్లు బతికినవాళ్ల సంగతి సినిమాకు అక్కర్లేదు. బయట చూస్తే అట్లా బతికినవాళ్లే ఎక్కువ.

మన దేవదాసునే తీసుకోండి. 1953 నాటి సినిమా, నాగేశ్వరరావు, సావిత్రి. పార్వతిని పెద్దింటికి, పెద్ద వయసు మనిషికి ఇచ్చి చేస్తారు. ఆఖరుకు దేవదాసు ఆ ఇంటి ముందుకే వచ్చి ప్రాణం వదులుతాడు. లోపలి నుంచి పార్వతి పరుగెత్తుకొస్తుంది, తలుపులు మూసుకుంటాయి. మా అమ్మ ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. చూసినప్పుడల్లా దేవదాసు చావు దగ్గర కాదు, ఆ తలుపుల దగ్గర ఏడ్చేది. "తాగి తాగి సచ్చిండు, వానికేంది? ఆమె రేపు పొద్దున లేచి ఆ ఇంట్లనే వండిపెట్టాలె గద" అనేది.

దానికీ ఒక రెండో భాగం లాంటిది వచ్చింది. 1978లో దాసరి నారాయణరావు అదే నాగేశ్వరరావును పెట్టి 'దేవదాసు మళ్లీ పుట్టాడు' తీశారు. విషయం పేరులోనే ఉంది. 1964 నాటి మూగమనసులులో కూడా అంతే, ఈ జన్మలో కుదరనిది ఇంకో జన్మలో కుదురుతుంది. మనకు జన్మ మార్చడం సులువు, వరస మార్చడం కష్టం.

ఈ నెల నేను చెప్పబోయే సినిమాలో ఎవరూ మళ్లీ పుట్టరు. ఫ్రెంచి సినిమా. భయపడకండి, మా ఖోలీలో ఆరుగురం ఆడవాళ్లం కూర్చుని చూశాం, అందులో ముగ్గురికి సంతకం తప్ప చదువు లేదు. ఇట్లాంటి సినిమాలు మన పక్కనున్న హాళ్లకు రావు. ఫీనిక్స్ మిల్లు జాగాలో మాల్ లేచింది, అందులో సినిమా హాళ్లు ఉన్నాయి, నిజమే. మా నాన్న సాంచాల మీద నెలంతా నిలబడి తెచ్చిన జీతం ఇప్పుడు అక్కడ ఇద్దరి టికెట్లకూ పాప్‌కార్న్‌కూ చాలదు. అందుకని మా కూతురి కొడుకు ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించాడు. మధ్యాహ్నం మూడింటికి, అంటే ఒకప్పుడు సెకండ్ షిఫ్టు భోంగా కొట్టే వేళకు, మొదలుపెట్టేవాళ్లం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే నేను తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒకే కథ, మూడు సినిమాలు, మూడు మధ్యాహ్నాలు.

మొదటిది 1966లో వచ్చింది. పేరు 'ఒక పురుషుడు, ఒక స్త్రీ'. తీసినాయన క్లాడ్ లెలూష్, అప్పటికి 28 ఏళ్లవాడు. చేతిలో ఉన్న సినిమా ఎవరూ కొనక, బెంగతో రాత్రంతా కారు నడుపుకుంటూ దోవిల్ అనే సముద్రపు ఊరికి చేరాడట. తెల్లవారుజామున ఒడ్డున ఒక ఆడమనిషి పిల్లతో నడుస్తూ కనిపించింది. ఇంత పొద్దున్నే ఈమె ఇక్కడ ఎందుకుంది అని ఆలోచించుకుంటూ కథ అల్లాడు. కెమెరా ఆయనే పట్టాడు. డబ్బు చాలక కొంత రంగుల్లో, కొంత నలుపు తెలుపుల్లో తీశాడు. రంగు పోయినప్పుడల్లా మా పక్క ఖోలీ అక్క లేచి టీవీ వెనక వైరు కదిపి చూసింది. నూలు తక్కువ పడితే ఉన్న రంగుతోనే పన్నా నింపినట్టు చేశాడని చెప్తే అప్పుడు కుదురుగా కూర్చుంది.

కథ చిన్నది. ఆన్ అనే ఆమె సినిమా షూటింగుల్లో పని చేస్తుంది, భర్త షూటింగులోనే ప్రమాదంలో పోయాడు. జాఁ లూయీ కారు పందేలు నడుపుతాడు, మా ఖోలీలో వట్టి లూయీ అయిపోయాడు. అతని భార్య కూడా పోయింది. ఆమెకు కూతురు, అతనికి కొడుకు, ఇద్దరు పిల్లలూ దోవిల్‌లో ఒకే హాస్టల్ బడిలో ఉంటారు. ఒక ఆదివారం పిల్లలను చూసి తిరిగి వెళ్లేటప్పుడు ఆమెకు రైలు తప్పిపోతుంది, అతను కారులో పారిస్ దాకా తీసుకెళ్తాడు. అక్కడ మొదలు. దగ్గరవుతారు, కానీ పోయిన భర్త ఆమె మనసులోంచి కదలడు. ఆమె రైలెక్కి వెళ్లిపోతుంది. అతను కారులో ఆ రైలుకంటే ముందే పారిస్ స్టేషను చేరి నిలబడతాడు. దిగిన ఆమె చూస్తుంది. అంతే, అక్కడ బొమ్మ ఆగిపోతుంది. కాన్ పండుగలో పెద్ద బహుమతి, తరువాత రెండు ఆస్కార్లు వచ్చాయి దానికి. ఫ్రాన్సిస్ లై కట్టిన ఆ కూనిరాగం లోకమంతా తిరిగింది. మావాళ్లు కూడా తృప్తిగా లేచి చాయ్ పెట్టుకున్నారు. "ఇద్దరూ పిల్లలు గలవాళ్లు, మంచిగనే అయింది" అన్నారు.

ఇరవై ఏళ్లకు, 1986లో, అదే దర్శకుడు, అదే ఇద్దరు నటులు రెండో భాగం తీశారు. మొదటి పది నిమిషాల్లోనే మావాళ్ల మొహాలు వాడిపోయాయి, ఎందుకంటే స్టేషనులో అంత గట్టిగా పట్టుకున్న ఆ ఇద్దరూ కలిసి ఉండలేదని తెలిసింది. ఉన్నమాట చెప్పాలంటే ఈ సినిమా నాకు నచ్చలేదు. ఒక సాంచా మీద మూడు రకాల పడుగు ఎక్కించినట్టుంది. పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకున్న హంతకుడు ఒకడు, ఎడారిలో కారు పందెం ఒకటి, సినిమా లోపల ఇంకో సినిమా. ఒకామె నిద్రపోయింది, నేను లేపలేదు. కానీ అందులో ఒక్క ముక్క బాగుంది. ఆన్ ఇప్పుడు సినిమాలు తీసే నిర్మాత. పెద్ద సినిమా తీసి దెబ్బ తిన్నది. ఇక మన ఇద్దరి కథే తీస్తాను, నీ అనుమతి కావాలి అని లూయీని కలుస్తుంది. ఇరవై ఏళ్ల తరువాత ఆ మనిషిని చూడడానికి ఆమెకు ఒక పని కావాలి, ఊరికే పోలేదు. కోట్లు పెట్టి సినిమా తీసే ఆమెకు కూడా సాకు కావలసి వచ్చింది.

నేను అప్పటి నుంచీ దీన్నే గమనిస్తున్నాను. 2004లో వచ్చిన అమెరికా సినిమా 'బిఫోర్ సన్‌సెట్' చూడండి. అది 1995 నాటి 'బిఫోర్ సన్‌రైజ్'కు రెండో భాగం. వియన్నాలో ఒక రాత్రి తిరిగి, ఫోను నెంబర్లు కూడా తీసుకోకుండా, ఆరు నెలలకు ఇదే చోట కలుద్దామని విడిపోయినవాళ్లు తొమ్మిదేళ్లకు పారిస్‌లో కలుస్తారు. ఎట్లా? అతను ఆ రాత్రి గురించి పుస్తకం రాశాడు, ఆమె పుస్తకాల దుకాణానికి వచ్చింది. పుస్తకం సాకు. ఇక మీలో చాలామంది చూసిన '96', తెలుగులో 'జాను'. మద్రాసు వైపు ఉన్న మన చందాదారులు విజయ్ సేతుపతి, త్రిష గురించి కథలు కథలుగా రాశారు నాకు. కన్నడంలో కూడా '99' అని తీశారు. అందులో రామ్, జాను ఒక రాత్రంతా కలిసి తిరుగుతారు. ఆమెకు భర్త ఉన్నాడు, బిడ్డ ఉంది, సింగపూరులో కాపురం. అయినా చూసినవాళ్లు ఒక్కరూ తప్పు పట్టలేదు. ఎందుకు? బడి పాత విద్యార్థుల కలయికకు వచ్చింది కాబట్టి. 'క్లాస్‌మేట్' అన్నది ఇప్పుడు ఒక వరస అయింది. బావ, మామ, వదిన, మరదలు అన్నట్టే క్లాస్‌మేట్. ఆ ఒక్క మాటతో రాత్రి పన్నెండింటికి కూడా పక్కన కూర్చోవచ్చు.

బడికే పోనివాళ్లు ఏ వరస చెప్పుకోవాలి?

మూడో సినిమా దగ్గరకు వస్తాను. ఇది 2019లో వచ్చింది, మొదటిదానికి 53 ఏళ్ల తరువాత. పేరు 'ఒక జీవితంలో అత్యంత అందమైన సంవత్సరాలు'. అదే లెలూష్. అదే ట్రాంటిన్యా, అదే అనూక్ ఏమే. కాన్‌లో చూపించిన నాటికి ఆయనకు 88, ఆమెకు 87. ఇంకో సంగతి వింటే మీరు నమ్మరు. 1966లో ఆరేడేళ్ల పిల్లలుగా వేసిన ఆ కొడుకు, ఆ కూతురు కూడా వాళ్లే. ఆంట్వాన్ సీర్, సువాద్ అమీదూ. తల నెరిసిన పిల్లలు.

మన సినిమాల్లో ముసలితనం అంటే చెవుల దగ్గర తెల్ల పౌడరు, ఒక శాలువా, మాట మధ్యలో ఒక దగ్గు. ఇందులో మేకప్పువాడికి పని లేదు. మధ్య మధ్య 1966 సినిమా ముక్కలు వేస్తాడు. కారులో నవ్వుతూ జుట్టు వెనక్కి తోసుకుంటున్న అమ్మాయి, వెంటనే అదే చేత్తో అట్లాగే తోసుకుంటున్న ముసలమ్మ. నేను తెలుగు చెప్పడం మానేసినా ఎవరూ అడగలేదు.

లూయీ ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉంటాడు. ఇది తెలియగానే మా ఖోలీలో పెద్ద గొడవ. "కొడుకు ఉండి ఆశ్రమంల ఏసిండా? వాని చేతులిరుగ!" అని ఒకామె. ఇంకో ఆమె, "ఎవరు చూస్తరు, ఇద్దరూ డ్యూటీలకు పోతే?" అని. ఈ గొడవలో ఒక నిమిషం సినిమా పోయింది, మనవడు వెనక్కి తిప్పాడు. లూయీకి జ్ఞాపకం చెదిరిపోయింది. నిన్నటిది ఉండదు, మొన్నటిది ఉండదు. కవితలు మాత్రం వల్లిస్తాడు, నర్సులతో చిలిపి మాటలు ఆడతాడు, ఇక్కడి నుంచి పారిపోతానంటాడు. ఎప్పుడూ ఒకే ఒక ఆడమనిషి పేరు చెప్తాడు. అది విని కొడుకు ఏం చేశాడు? ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ పోయాడు. ఆన్ ఒక చిన్న ఊళ్లో చిన్న దుకాణం పెట్టుకుని బతుకుతోంది. ఆమె ముందు నిలబడి, మా నాన్న మిమ్మల్నే తలుచుకుంటున్నాడు, ఒకసారి వచ్చి చూడండి అని అడిగాడు.

ఇక్కడ నేను ఆపి, వాళ్లకు గుర్తు చేశాను. ఆన్ ఈ అబ్బాయి తల్లి కాదు. తల్లి ఎప్పుడో పోయింది. తన తల్లి కాని ఆమెను, తన తండ్రి మనసు పడ్డ ఆమెను, కొడుకే పోయి పిలుస్తున్నాడు. ఇందాక చేతులు విరగాలన్న అక్క ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "మంచి పిలగాడే" అంది.

ఆమె వస్తుంది. ఆశ్రమం తోటలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు లూయీ. పక్కన కూర్చుంటుంది. అతను గుర్తుపట్టడు. కొత్తగా చేరిన ముసలమ్మ అనుకుంటాడు. ఆమె కూడా నేనే ఆన్‌ను అని చెప్పేయదు. అతను ఆమెకే ఆమె గురించి చెప్తాడు. ఎంత అందంగా ఉండేదో, తను ఎంత ప్రేమించాడో, ఒక్కరి దగ్గర నిలబడే మనిషి కాక ఎట్లా పోగొట్టుకున్నాడో. జుట్టు తోసుకునే తీరు చూసి, మీకూ ఆమె పోలిక ఉంది అన్నట్టు చూస్తాడు. యాభై ఏళ్ల కిందట మొహం మీద చెప్పని మాటలు, ఎవరో పరాయి మనిషి అనుకుని ఇప్పుడు చెప్తున్నాడు. ఆమె వింటుంది. అనూక్ ఏమే మొహంలో ఏడుపు లేదు. మంచి వాన పడుతుంటే గడపలో నిలబడి చూసే మనిషి మొహంలా ఉంది.

తరువాత ఇద్దరూ చిన్న పాత కారులో ఆశ్రమం నుంచి పారిపోతారు. నిజంగానే పోయారా, అతని కలా అన్నది సినిమా తేల్చి చెప్పదు. మాకూ తేల్చుకోవాలని అనిపించలేదు. తీరా కథలో ఏమయిందంటే, ఏమీ కాలేదు. పెళ్లి లేదు, కాపురం లేదు. ఆమె వచ్చింది, కూర్చుంది, మళ్లీ వచ్చింది. ట్రాంటిన్యా 2022 జూన్‌లో పోయారు. అనూక్ ఏమే 2024 జూన్‌లో. ఇక నాలుగో భాగం లేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ఒకామె ఆగిపోయింది. చాయ్ గ్లాసులు కడుగుతానని ఆగింది, కడగడం అయిపోయినా పోలేదు. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. "పేరు రాయకు టీచరమ్మా, మిగతాది రాస్కో" అంది. మీ కొడుకు చదివితే అని అడిగాను. "వానికి తెలుగు చదవనొస్తే గదా" అంది.

ఆమె ఒకప్పుడు మిల్లులో వైండింగ్ ఖాతాలో చేసేది. ఆయన సాంచాల ఖాతా. ఇద్దరి ఇళ్లూ కరీంనగర్ వైపువే, కులం అడ్డం లేదు, పెద్దవాళ్లు మాట కూడా అనుకున్నారు. షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర ఒకరినొకరు చూసుకోవడం తప్ప ఎక్కువ మాటలు లేవు. ఒకసారి ఆయన తన డబ్బాలోంచి రెండు సకినాలు ఇచ్చాడట. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ వెనక రెండున్నర లక్షల మంది పని బంద్ పెట్టారు. రెండు మూడు నెలల్లో తేలిపోతుందనుకున్నారు, పెళ్లి దీపావళికి పెట్టుకుందామనుకున్నారు. ఆ సమ్మెను విరమించామని ఈనాటికీ ఎవరూ ప్రకటించలేదు, మీకు తెలిసిందే. దీపావళి వచ్చేసరికి ఆయన వాళ్లు చాల్ ఖాళీ చేసి భీవండి పవర్‌లూమ్‌లకు వెళ్లిపోయారు. ఈమె తండ్రి ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. మున్సిపాలిటీలో నౌకరీ ఉన్న సంబంధం వస్తే చేసేశాడు. కోపం చేసుకోవడానికి ఎవరూ లేరు ఈ కథలో. విలను లేడు. మన కథలకు రెండో భాగం రాయకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

భర్తతో బాగానే బతికింది. అది ఆమె నొక్కి చెప్పింది, నేనూ నొక్కి రాస్తున్నాను. ఆయన పోయి ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో ఎవరో అన్నారు, ఫలానా ఆయనకు పక్షవాతం వచ్చింది, భీవండిలో బిడ్డ దగ్గర మంచాన ఉన్నాడని. అప్పటి నుంచి ఒకసారి చూసి రావాలని ఉంది. "కానీ ఏమని పోవాలె టీచరమ్మా? మంచాన వడ్డ మనిషిని చూడబోతే ఆ ఇంటోళ్లు అడుగుతరు గద, నువ్వు ఏమైతవని. నేను ఏమైత?"

నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. మన భాషలో తల్లి తమ్ముడికి ఒక మాట, తండ్రి తమ్ముడికి ఒక మాట, తోడికోడలికి, సడ్డకునికి, వియ్యపురాలికి, అన్నింటికీ మాటలున్నాయి. దారిన పోయేవాళ్లను కూడా అన్నా, అక్కా అని వరస కలుపుతాం. పెళ్లి కాకుండా ఆగిపోయిన మనిషికి మాత్రం మాట లేదు. ఇంగ్లీషులో 'ఎక్స్' అని తేలిగ్గా అంటున్నారు పిల్లలు. అరవై అయిదేళ్ల ఆమె భీవండిలో ఒక గడప ముందు నిలబడి ఆ మాట చెప్పగలదా?

మేం ఇద్దరమే ఉన్నామనుకున్నాం. ఆమె కోడలు బట్టల కోసమని గ్యాలరీలోకి వచ్చి నిలబడిందట, సగం విన్నది. మూడో సినిమా రోజు ఆ పిల్ల కూడా మాతో కూర్చుంది, అది చెప్పడం మరిచాను. రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు మా ఖోలీకి వచ్చి, "టీచర్, భీవండిలో మా చిన్నమ్మ ఉంది. వాళ్ల బిల్డింగు వెనకే అంట ఆయన బిడ్డ ఉండేది. ఫోను చేసినా" అంది. నాకు గుండె ఆగినంత పని అయింది. ఏం చెప్పావు అన్నాను. "మా అత్త, మీ నాయన ఒకే మిల్లుల పని చేసిండ్రట, చూడాలంటున్నది అని చెప్పిన. ఆమె వెంటనే, మిల్లోళ్లా, రమ్మను అన్నది."

మిల్లోళ్లు. అబద్ధం కాదు. ఆ పిల్ల పుట్టేటప్పటికే మిల్లుకు తాళం పడింది. చిమ్నీ కూడా చూసి ఉండదు. అయినా ఏ వరస చెప్పాలో మాకంటే దానికే తెలిసింది.

పోయిన గురువారం ముగ్గురం వెళ్లాం. ఠాణా దాకా లోకల్, అక్కడి నుంచి బస్సు, మెట్రో పనుల ధూళిలో గంటన్నర. ఆమె పచ్చ అంచు చీర కట్టుకుంది, మరీ కొత్తది కాదు, ఆలోచించి తీసినట్టే ఉంది. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. బత్తాయిల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంటి కింద పవర్‌లూమ్ నడుస్తోంది, గోడలు కూడా అదురుతున్నాయి. ఆ చప్పుడు వినగానే ఆమె నడక మారింది. మూడంతస్తులు ఆగకుండా ఎక్కింది, నేనూ కోడలూ వెనకబడ్డాం.

ఆయన గోడవైపు మంచంలో ఉన్నాడు. కుడి చెయ్యి పనిచేయదు, మాట ముద్దముద్దగా వస్తుంది, కొన్ని రోజులు మనుషులను గుర్తుపడతాడు, కొన్ని రోజులు లేదని బిడ్డ చెప్పింది. "నాయనా, మిల్లోళ్లు వచ్చిండ్రు" అని గట్టిగా అరిచింది చెవి దగ్గర. ఆయన ముందు నన్ను చూశాడు, తరువాత ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో నేను చెప్పలేను, చెప్తే కథ అవుతుంది. నోరు కూడదీసుకుని ఒక మాట అడిగాడు. "భోంగా అయిందా?"

"ఇంక లేదు. టైముంది" అంది ఆమె. స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది. బత్తాయి ఒలిచి, గింజలు తీసి, ఒక్కో తొన నోట్లో పెట్టింది. బిడ్డ మాకు చాయ్ తెచ్చింది, ఏ ఖాతా, ఎవరెవరు ఉండేవాళ్లు అని అడిగింది. ఈమె జాబర్ పేరుతో సహా చెప్పుకొచ్చింది. ఆమె ఎంత మాట్లాడగలదో నాకు ఆరోజే తెలిసింది. బయల్దేరేటప్పుడు ఆ బిడ్డ గడప దాకా వచ్చి, "మళ్లొకసారి రాండ్రి పెద్దమ్మా, నాయన ఈయాల మంచిగ తిన్నడు" అంది.

తిరుగు బస్సులో సీటు దొరికింది. ఠాణా దగ్గర పడుతుండగా ఆమె మొదటిసారి నోరు విప్పింది. ఆ పిల్ల చాయ్‌లో చక్కెర ఎక్కువేసిందని, వచ్చే గురువారం కోడలికి సెలవు ఉంటుందో లేదో అడగాలని అంది.